మంచి పురుగుల మందు

ఆడపిల్ల పురుడుకు పుట్టింటికి పోవాలి. నాకు పోవడానికి పుట్టిల్లు మిగలలేదు కాబట్టి పుట్టిల్లే నా దగ్గరికి వచ్చింది. మా అమ్మ ఒక ట్రంకు పెట్టెతో, ఒక వెండి గిన్నెతో గోదావరిఖని బస్టాండులో దిగి, "పురుడు పోసి, నెల దాటంగనే పోత" అంది. అది నా పెద్దకూతురి పురుడు. రెండోసారి నాకు నెలలు నిండుతున్నప్పటికి కూడా ఆమె పోబోతూనే ఉంది. అల్లుడి ఇంట్లో ఉంటున్నానని మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. అడిగినవాళ్లందరికీ "బిడ్డ పురుడుకని వచ్చిన" అనే చెప్పేది. ఆ పురుట్లో పుట్టిన పిల్ల అప్పటికి పలకా బలపం పట్టుకుని బడికి పోతోంది.

ఒకప్పుడు మాది గడీ, ఊరి దొరల కోటలాంటి ఇల్లు. అది ఎట్లా పోయిందో నేను ఎవరికీ చెప్పుకోను. చెప్తే జాలిపడతారు. కొందరికి వంకాయ పడనట్టు మాకు జాలి పడదు. అమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేది: "మనం పడిపోలే. మెట్లు దిగినం. దిగేటప్పుడు గూడ నడుము వంచలె."

ఆ వెండి గిన్నెలో వచ్చింది పెరుగు. అమ్మకు తన అత్తగారి చేతి నుంచి వచ్చిన తోడు అది. గడీలో రోజూ సాయంత్రం పాలలో పడిన తోడే బస్సులో అమ్మ ఒడిలో కూర్చుని బొగ్గు కంపెనీ క్వార్టరుకు వచ్చింది. ఉప్పు అడిగి తెచ్చుకోవచ్చు, అగ్గిపెట్టె అడిగి తెచ్చుకోవచ్చు, తోడు అడిగి తెచ్చుకున్న ఇల్లు ఇల్లే కాదని అమ్మ నమ్మకం. అందుకని వేసవిలో మంచినీళ్ల రంజన్ పక్కన తడిగుడ్డ చుట్టి, చలికాలంలో పొయ్యి దగ్గర పెట్టి, ఆ గిన్నెను పసిపిల్లలా చూసుకునేది.

మా ఆయన బాయిలో ఓవర్‌మన్, కింద పని చేయించే అధికారి. ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. ఆయన వాళ్లది మామూలు రైతు కుటుంబం. కంపెనీ నౌకరి వచ్చింది, నాకు పెళ్లయింది. మంచి మనిషి. అత్తగారంటే భయం, గౌరవం సమానంగా ఉండేవి. నేను ప్రైవేటు బడిలో టీచర్ని.

మా గోడ అవతల క్వార్టరులో క్రైస్తవుల కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన, ఆయన తండ్రి, ఇద్దరూ బాయిలోనే పనిచేశారు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నవ్వితే మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఆమె గోడ మీదుగా ఎన్ని పలకరింపులు విసిరినా అమ్మ రెండు మాటలకు మించి జవాబు చెప్పేది కాదు. మూడో మాట మాట్లాడితే చుట్టరికం అవుతుందని అనేది.

మేం నలుగురిలో కలవకపోవడానికి గడీ ఒక్కటే కారణం కాదు. పెద్దకూతురికి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద చర్మం ఎర్రగా కమిలి రసి కారేది. గీకుతుంటే గరగరమనే చప్పుడు వంటింటి దాకా వినపడేది. మెత్తటి పాత పంచె చింపి దాని చేతులకు సంచులు కుట్టి కట్టేదాన్ని. కోడిగుడ్డు తింటే పెదాలు ఉబ్బేవి. కంపెనీ ఓపెన్‌కాస్టు గనిలో దుమ్ము లేచిన రోజు తుమ్ములు. ఒకసారి నల్లా దగ్గర ఎవరో "దొరసాని మనుమరాలికి గజ్జి" అన్నారు. ఆ మాట అమ్మ చెవిన పడింది. ఆ రోజు నుంచి పిల్ల గేటు దాటి ఆడుకోలేదు. గజ్జి అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

రెండోసారి కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు నా మనసులో ఉన్న భయం ఒక్కటే. ఈ బిడ్డ కూడా గీక్కుంటూ పెరగాలా?

అదే అడిగాను పిల్లల డాక్టరమ్మను. ఆమె తొందర లేని మనిషి. మా ఇద్దరి వైపూ ఎవరికైనా తుమ్ములు, ఆయాసపెట్టే దమ్ము ఉన్నాయా అని అడిగింది. మా ఆయన రోజూ పొద్దున వరసగా తుమ్ముతాడని ఒప్పుకున్నాడు. మా వైపు ఎవరికీ ఏమీ లేదన్నాను.

"మీ తాతకు ఉండె గదా" అన్నాడు మా ఆయన.

"మా మామకు దమ్ము లేదు. ఆయన ఊపిరి గట్టిగ తీసుకునేటోడు" అంది మా వెంట వచ్చిన అమ్మ.

డాక్టరమ్మ రాసుకోవడం ఆపి, మా అమ్మ వైపు చూసి, మళ్లీ రాసుకుంది. తర్వాత విడమరిచి చెప్పింది. మన పేగుల్లో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. వాటిలో మనకు మేలు చేసేవి ఉంటాయి. పుట్టిన బిడ్డ ఒంటికి ఏది తనది, ఏది పరాయిది అని నేర్పడంలో వాటికీ ఒక చెయ్యి ఉందంటారు. అటువంటి జీవులను పొడిగా చేసి పొట్లాల్లో ఇస్తున్నారు. తల్లి చివరి నెలల్లోనూ, పాలిచ్చే రోజుల్లోనూ తీసుకుంటే కొందరు పిల్లల్లో ఈ చర్మం జబ్బు తక్కువగా కనపడిందట. కొందరిలో ఏ తేడా లేదట.

"దమ్ముకు, తిండి పడకపోవడానికి పనిచేస్తుందని నేను చెప్పలేను. చర్మానికి కూడా హామీ ఇవ్వను. మీ ఇంట్లో ఇప్పటికే ఒక పాపకు ఉంది కాబట్టి ప్రయత్నిస్తే తప్పు లేదంటున్నాను" అంది.

ఆ జీవులకు మేత కూడా ఉంటుందట. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, అరటిపండు, పప్పులు, వీటిలో మనకు అరగని పీచు వాటికి తిండి. తల్లిపాలలో కూడా అటువంటి మేత ఉంటుందని, ఏం మానినా పాలివ్వడం మానొద్దని చెప్పింది.

"సూక్ష్మజీవులంటె ఏంది?" అని అమ్మ పక్కనున్న నర్సును అడిగింది.

"పురుగులమ్మా. మంచి పురుగులు."

బయటికి వస్తుంటే అమ్మ అంది: "పురుగులను మింగుడు ఒక్కటి. మళ్ల వాటికి మేత వేసుడు ఒక్కటి. పశువుల కొట్టమా కడుపు?"

ఆ పొట్లాలు గోదావరిఖనిలో దొరకలేదు. మా ఆయన గోదావరి దాటి మంచిర్యాల పోయి తెచ్చాడు. అమ్మ వాటిని తన వెండి గిన్నె ఉన్న గూట్లోనే పెట్టింది కానీ, పక్కన పెట్టలేదు. మధ్యలో ఉప్పు డబ్బా అడ్డం పెట్టింది. తాను తోడేసిన పెరుగులో లేనిది ఆ పొట్లంలో ఏమున్నదని ఆమె బాధ. దానికి పురుగుల మందు అని పేరు పెట్టింది. మొదట ఎగతాళిగా అంది, తర్వాత అదే పేరైంది. రోజూ పొద్దున పాలు కాగి చల్లారాక, "పురుగుల మందు తాగినవా?" అని అడిగేది. మా ఆయన డ్యూటీకి పోతూ, "పురుగుల మందు మరువకు" అనేవాడు. పెద్దపిల్ల తన బొమ్మకు కూడా పురుగుల మందు తాగించేది. బయటి మనుషులు రాని ఇంట్లో మాటలు ఎట్లా తయారవుతాయో మాకు తెలియలేదు. పత్తి చేలున్న జిల్లాలో పురుగుల మందు తాగడమంటే ఏమిటో మేం నలుగురం మరచిపోయాం.

ఒక రోజు మా ఆయన ఫస్ట్ షిఫ్టు పోయాడు. పిల్ల బడికి పోయింది. బడికి సెలవు పెట్టిన నేను పాలలో పొడి కలుపుకుని తాగి, కాళ్ల వాపుకు దిండు పెట్టుకుని పడుకున్నాను. అమ్మ సంచీ పట్టుకుని కూరగాయలకు బయల్దేరింది. "గడియ పెట్టుకో" అంటే లేచి పెట్టుకుని మళ్లీ పడుకున్నాను. గేటు దగ్గర జరిగింది తర్వాత తెలిసింది.

"అమ్మా, చెల్లె నాల్గు దినాల సంది కనవడ్తలేదు. బాగనే ఉన్నదా?" అని పక్కింటి అక్క గోడ మీదుగా అడిగిందట.

"ఏం బాగు. పురుగుల మందు తాగి పండుకున్నది" అని, అమ్మ అలవాటు ప్రకారం మూడో మాట లేకుండా అంగడికి నడిచింది.

అక్కకు గేటు దాటి ఆడుకోని మా పిల్ల గుర్తొచ్చింది, నల్లా దగ్గరి మాట గుర్తొచ్చింది, నా ముఖం గుర్తొచ్చింది. తల్లి సంచీ ఊపుకుంటూ కూరగాయలకు పోవడం చూసి, దుఃఖంతో మతి పోయిందనుకుంది. అప్పుడు కేక పెట్టింది.

తలుపు బాదడం నాకు వినిపించింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా మా తలుపులు, కిటికీలు దడదడలాడేవి. ఇవాళ తొందరగా పెట్టారే అనుకుని అటు తిరిగి పడుకున్నాను. తర్వాత గడియ విరిగింది.

కళ్లు తెరిచేసరికి కాలనీ అంతా మా ముందు గదిలో ఉంది. ఎవరో నా నాడి పట్టుకున్నారు. అక్క నా దవడ పట్టుకుని నోరు తెరిపించి వాసన చూసింది.

"వాసన లేదే" అంది.

"ఇప్పటి మందులకు వాసనుండదు" అన్నాడు సెకండ్ షిఫ్టుకు తయారై వచ్చిన ఒకాయన.

"నవ్వుతున్నది సూడు. మందు నెత్తికెక్కింది."

నేను నవ్వలేదు. నోరు పట్టుకుంటే పెదాలు అట్లా సాగుతాయి. చేయి విడిపించుకుని, లేచి, కొంగు సర్దుకుని, "కూర్చోండి" అన్నాను. ఇంటికి వచ్చినవాళ్లను కూర్చోమనడం మా పద్ధతి. కూర్చోవడానికి అంతమందికి మా ఇంట్లో ఏమీ లేదు.

ఈలోపు అక్క వంటింట్లోకి పోయింది. గూట్లో చింపిన పొట్లాలు కనపడ్డాయి. పొట్లం మీది ఇంగ్లీషు చదివే ఓపిక ఆ గడియలో ఎవరికుంటుంది? పిల్ల వచ్చి తాగుతుందేమోనని పాలు మోరీలో పారబోసింది. పక్కనున్న పెరుగు కూడా పారబోసింది. అంతటితో ఆగక, వెండి గిన్నెను సబ్బు పెట్టి, పీచుతో, మూడు తరాల తోడు ఒక్క చుక్క మిగలకుండా తోమింది.

"అక్కా, అది పెరుగు" అన్నాను గుమ్మంలోంచి.

"పెరుగుల గలిపినవా తల్లీ" అంది ఆమె, తోముతూనే.

చేత్తో పొట్టను పట్టుకుని, గోడకు ఆనుకుని, నేను జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. పిల్ల చర్మం గురించి చెప్పాను. అది అంటుకునేది కాదని, అలర్జీ అని చెప్పాను. డాక్టరమ్మ గురించి, మంచి పురుగుల గురించి, వాటి మేత గురించి కూడా చెప్పాను. మొదట నవ్వింది సెకండ్ షిఫ్టు ఆయన. తర్వాత గిన్నెలు కదిలాయి.

"నాల్గేండ్ల సంది గోడకు గోడ ఉన్నం, గీ ముచ్చట చెప్పద్దా?" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "మీకు మేమంటె గిట్టదనుకున్నం. పిల్లను మా ఇంటికి పంపకపోతిరి."

ఆ సమయానికి మా ఆయన వచ్చాడు. ముఖం నిండా బొగ్గు, కాళ్లకు బూట్లు, నడుముకు దీపం బ్యాటరీ కూడా విప్పలేదు. ఎవరో స్కూటరు మీద బాయికి పోయి కబురు చెప్పారట. అది పైనుంచి ఫోన్లో కిందికి దిగి, అక్కడ నోటి నుంచి నోటికి చీకట్లో నడిచి ఆయన దగ్గరికి చేరేసరికి బాగా అరిగిపోయింది. ఆయనకు చేరిన మాట: "మీ అత్తమ్మ మందు తాగిందట."

ఆయన నన్ను చూశాడు, జనాన్ని చూశాడు. "అత్తమ్మ ఏది?" అన్నాడు.

"అంగడికి పోయింది."

"తాగి పోయిందా?"

ఇక ఆ గదిలో ఎవరి నవ్వూ ఆగలేదు. పొట్ట పట్టుకుని నేను కూడా నవ్వాను. కడుపులో బిడ్డ కూడా కదిలింది. ఆ తర్వాత చాలా కాలం బాయిలో మా ఆయనను "అన్నా, అత్తమ్మ బ్రాండేంది?" అని అడిగేవారు.

అమ్మ వంకాయలు, కొత్తిమీర పట్టుకుని వచ్చేసరికి తలుపుకు గడియ లేదు, ఇంట్లో కాలనీ ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వంటింట్లోకి పోయింది. తళతళలాడుతున్న గిన్నెను కిటికీ వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"తోడు ఏది?"

"నేనే పారవోసిన అమ్మా" అంది అక్క. "మీ బిడ్డ పాణం కంటె పెరుగు ఎక్కువనా?"

అమ్మ గిన్నెను గూట్లో పెట్టింది. "ఎక్కువ గాదు" అంది. వచ్చినవాళ్లకు చాయ్ పెడదామంటే పాలు కూడా మోరీలో పోయాయి కదా. మా ఇంటికి మొదటిసారి వచ్చిన కాలనీకి పాలు లేని చాయ్ ఇచ్చి పంపించాం.

సాయంత్రం మా ఆయన కొత్తగా పాలు తెచ్చాడు. అమ్మ కాచి, గోరువెచ్చగా చల్లార్చి, గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. తోడు లేదు. అడగదు. నన్ను అడగనివ్వదు. నేనైనా అడిగేదాన్ని కాదు. నేనూ ఆమె కూతుర్నే. దేవుడి దగ్గర దీపం పెట్టాం. పాలు ఇంకా చల్లబడుతున్నాయి.

విరిగిన గడియ తలుపును తోసుకుని అక్క వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు, అందులో పెరుగు.

"దీపాలు పెట్టినంక తోడు ఇయ్యద్దు" అంది అమ్మ, తలెత్తకుండా.

"గా పట్టింపు మీది, మాకు లేదు."

"అరువు తోడు తీసుకునే ఇల్లు గాదు మాది."

"అరువెవరిచ్చిండ్లు? నష్టపరిహారం ఇది. బాయిల కాలిరిగితె కంపెనీ ఇయ్యదా? మీ తోడు పారవోసింది నేను, ఇచ్చేది నేను. తీస్కోకపోతె నా మీదనే కేసైతది."

అమ్మ ఆలోచించింది. గడీ పోయినప్పుడు, భూములు పోయినప్పుడు మా వాళ్లకు పరిహారమనే మాట ఎవరూ చెప్పలేదు. "పరిహారమైతె సరే" అని గ్లాసు అందుకుంది.

పొద్దున పెరుగు గట్టిగా తోడుకుంది. అమ్మ ఒక చెంచా నోట్లో వేసుకుని, "కొద్దిగ పులుపు" అంది. మరునాడు ఏమీ అనలేదు. నెల తిరిగేసరికి దాన్ని మా ఇంటి తోడు అనడం మొదలుపెట్టింది. పొట్లాలకు, గిన్నెకు మధ్య ఉప్పు డబ్బా ఎప్పుడు తీసేసిందో నేను చూడలేదు.

డాక్టరమ్మకు ఈ కథ చెప్తే కళ్లద్దాలు తీసి నవ్వింది. మళ్లీ పెట్టుకుని, "పెరుగు ఎవరి తోడుదైనా తినండి, మంచిదే. కాని అందులో ఏ జీవులున్నాయో నాకు తెలియదు. పొట్లంలో ఏమున్నాయో రాసి ఉంటుంది. రెండూ ఒకటి కావు. పొట్లం మానకండి" అంది.

రెండోది కూడా ఆడపిల్లే. పురుడు పోసింది అమ్మ. పక్కన ఉన్నది అక్క. నేను పాలిస్తూ, మంచి పురుగుల మందు తాగుతూ, వాటికి మేతగా ఉల్లిగడ్డ కూర, అరటిపండు తింటూ, రోజూ పొద్దున పిల్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి మోచేతి మడతలు విప్పి చూసేదాన్ని. నా వెనక అమ్మ చూసేది. అమ్మ వెనక, గోడ అవతలి నుంచి, "ఏమన్న ఉన్నదా?" అని అక్క అడిగేది.

చలికాలంలో ఒక పొద్దున బుగ్గ మీద ఎర్రటి మచ్చ కనపడింది. పెద్దదానికి కూడా బుగ్గ మీదే మొదలైంది. ముగ్గురు ఆడవాళ్లం ఆటోలో దవాఖానకు పోయాం. దారిలో ఒక్కరమూ మాట్లాడలేదు. డాక్టరమ్మ పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పళ్లొస్తున్నాయి. చొల్లు కారి ఒరిసింది. మెత్తటి గుడ్డతో తుడవండి" అంది.

"అంతేనా?" అంది అమ్మ.

"అంతే."

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకేసారి మాట్లాడాం. ఆటో అతను రెండుసార్లు దారి తప్పాడు.

చిన్నదానికి ఏడాది నిండింది. చర్మం తమలపాకులా ఉంది. తుమ్ములు మాత్రం తండ్రివి వచ్చాయి. పొద్దున ఇద్దరూ వంతులు వేసుకుని తుమ్మేవారు. డాక్టరమ్మ దానికి హామీ ఇవ్వలేదు కనుక ఆమెను ఏమీ అనలేం. పెద్దదానికి కూడా వయసుతో కొంత, పూత మందుతో కొంత తగ్గుతూ వచ్చింది. గేటు తెరిచాక అది అక్క వాళ్ల కోళ్ల వెంట దుమ్ములో తిరుగుతూ, గీక్కోవడం మరచిపోయేది.

చిన్నదాని చర్మం ఎవరి గొప్ప అనే పంచాయితీ మాత్రం తెగలేదు. మంచిర్యాల పోయి తెచ్చిన పొట్లాలవల్లనే అని మా ఆయన. తోడువల్ల అని అమ్మ. "ఎవల తోడు?" అని అక్క. పైగా ఆదివారం ప్రార్థనలో తాను పెట్టిన మనవి కూడా లెక్కలో వేయాలంది. డాక్టరమ్మను అడిగితే, "ఏమో. ఏదీ చేయకపోయినా దీనికి రాకపోయి ఉండొచ్చు" అంది. ఆ మాట మాలో ఎవరికీ నచ్చలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడు అక్క వాళ్లాయన రిటైరై, నస్పూర్‌లో కొడుకు క్వార్టరుకు సామాను సర్దుకున్నారు. పోయే ముందు రోజు, దీపాలు పెట్టాక, అక్క స్టీలు డబ్బా పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మా కోడలు నీళ్లోసుకున్నది. జరంత మీ తోడు కావాలె."

"మీ ఇంట్ల లేదా?"

"ఉన్నది. గని మీదాంతోని పుట్టిన పిల్లకు దద్దు గూడ రాలె గద."

అమ్మ వెండి గిన్నె తీసింది. డబ్బా నిండా వేసింది. "దీపాలు పెట్టినంక ఎవరికీ ఇయ్యను. నీకు గనుక ఇస్తున్న" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "డాక్టరును గూడ అడుగమను. పొట్లాలు వేరే, తోడు వేరే" అని చేర్చింది. మూడో మాట కూడా దాటింది ఆ రోజు.

"మరి మీరెప్పుడు పోతరు?" అని అక్క నవ్వుతూ అడిగింది.

అప్పుడే చిన్నది లోపలికి వస్తూ మోచేయి గీక్కుంది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని లైటు కిందికి లాగి, మడత విప్పి చూసింది. దోమ కుట్టింది.

"ఎట్ల పోత?" అంది, చెయ్యి వదలకుండా. "పురుడుకని వచ్చిన. ఇంక అయిపోలె."